మామూ షెడ్డులో మా మేళం

1996లో మా మామూకి అద్దంకిలో ఒక లారీ షెడ్డు ఉండేది. పైన రేకులు, మూడు పక్కల గోడ, నాలుగో పక్క గోనె పట్టాలు. మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి పోయే లారీలు, గ్రానైటు రాళ్లు మోసే లారీలు అక్కడ ఆగి కట్టలు మార్పించుకునేవి. జుమ్మా రోజు నమాజు తర్వాత పని బంద్. ఆ పూట షెడ్డు మాది.

నలుగురు కుర్రాళ్లం. అందరికీ పదిహేను, పదహారేళ్లు. ఒకడి దగ్గర సెకండ్ హ్యాండ్ గివ్సన్ గిటారు. నా దగ్గర క్యాషియో, అది కూడా దుబాయి నుంచి వచ్చిన చాచా పిల్లలు ఆడి ఆడి వదిలేసింది, రెండు మెట్లు పలికేవి కావు. మూడోవాడికి ఒక పాత సైడ్ డ్రమ్ము, నాలుగు గ్రీజు డబ్బాలు. మైకుసెట్లు అద్దెకిచ్చే భాయ్ ఒకాయన గిరాకీ లేని రోజుల్లో అహూజా యాంప్లిఫయరు మా మొహాన పడేసేవాడు. ఫ్యూజు పోతే మాత్రం మేమే కొనివ్వాలి. మా బ్యాండుకి ఒక పేరు కూడా పెట్టుకున్నాం. ఆ పేరు ఇక్కడ రాయను, ఇప్పటికీ షరమ్ వేస్తుంది.

నాలుగోవాడి దగ్గర సన్నాయి ఉండేది. అసలు ఈ కహానీ అంతా వాడిది. కానీ వాడి దగ్గరికి వెళ్లాలంటే నేను కొంచెం చుట్టూ తిరగాలి, ఓపిక పట్టండి.

మేం చేస్తున్న పనికి లోకంలో ఒక పేరుందని నాకు చాలా ఏళ్ల తర్వాత, పత్రికాఫీసులో తర్జుమా డెస్కు మీద కూర్చున్నప్పుడు తెలిసింది. గ్యారేజ్ రాక్ అంటారు. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ కుర్రాళ్లు అమెరికా టీవీలో కనబడ్డాక అక్కడ వీధికొక బ్యాండు పుట్టింది. స్కూలు పిల్లలు, సరిగ్గా వాయించడం రాదు, ఇంట్లోవాళ్లు లోపల ఉండనివ్వరు. కాబట్టి కారు బయట పెట్టి గ్యారేజీలో వాయించుకున్నారు. పేరు మాత్రం తర్వాత వచ్చింది. 1972లో లెన్నీ కే అనే ఆయన ఆ మరిచిపోయిన పాటల్ని ఏరి 'నగ్గెట్స్' అని రికార్డు తెచ్చాక జనం వాటిని మళ్లీ విన్నారు. వాటికంటే ముందే, 1963లో పోర్ట్‌లాండ్ కుర్రాళ్లు కింగ్స్‌మెన్ 'లూయీ లూయీ' అని ఒక పాట రికార్డు చేశారు. అందులో మాటలు ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కావట్లేదంటే అందులో ఏదో బూతు ఉండి ఉంటుందని తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే సాక్షాత్తూ ఎఫ్‌బీఐ వాళ్లు దర్యాప్తు చేసి, రికార్డుని స్పీడు మార్చి మార్చి విని, ఏమీ తేల్చలేక వదిలేశారు. ఇది చదివినప్పుడు నాకు మా అబ్బా గుర్తొచ్చారు. ఆయన కూడా షెడ్డు బయట నిలబడి అలాగే వినేవారు.

మన దేశంలో కూడా 1970, 71లో ఒక సిగరెట్టు పేరు మీద సిమ్లా బీట్ అని కుర్రాళ్ల బ్యాండులకి పోటీలు పెట్టి, గెలిచినవాళ్ల పాటలతో రికార్డులు తీశారు. అవి బొంబాయి, కలకత్తా, మద్రాసు లాంటి పెద్ద షహర్ల ముచ్చట్లు. ఉర్దూ మీడియం బడిలో తఖ్తా మీద అలిఫ్ బే రాసుకున్న మాకు వాటి ఖబరు కూడా లేదు.

మాకు తెలిసిన బ్యాండు మనిషి ఒక్కడే, ఏ.ఆర్. రెహమాన్. 1992లో 'రోజా' వచ్చింది. మా ఊళ్లో ఆ క్యాసెట్టు మోగని టీ కొట్టు లేదు. పాటలు నచ్చడం ఒక ఎత్తు. ఆ పేరు మా ఇళ్లల్లో చేసిన పని ఇంకో ఎత్తు. అమ్మీలు, ఖాలాలు కూడా "మన పిల్లాడేనంట" అని చెప్పుకునేవాళ్లు. ఆయన తండ్రి ఆర్.కె. శేఖర్ సినిమా సంగీతంలో పనిచేస్తూ పోయేనాటికి ఈయనకి తొమ్మిదేళ్లు. ఇంట్లో ఉన్న వాయిద్యాలు అద్దెకిచ్చి తల్లి సంసారం లాగింది. కుర్రాడిగా మద్రాసులో శివమణి లాంటి దోస్తులతో రూట్స్ అనే బ్యాండులో, తర్వాత నెమిసిస్ అవెన్యూ అనే రాక్ బ్యాండులో కీబోర్డు వాయించాడు. 1980ల చివర్లో ఖాందాన్ అంతా ఇస్లాంలోకి వచ్చారు. ఇంటి ఆవరణలోనే స్టూడియో కట్టుకున్నాడు, 'రోజా' పాటలు అక్కడినుంచే వచ్చాయి. అంటే అది కూడా ఒక షెడ్డే కదా అని మేం వాదించేవాళ్లం.

వాదించాల్సిన అవసరం ఎందుకొచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. మౌసిఖీ హరామా, హలాలా? మా అబ్బా ఒక రోజు నన్ను చెవి పట్టుకుని ఇమామ్ సాబ్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన పెద్దాయన, కోపిష్టి అని పేరు. ఈద్ రోజు ఇద్దరు ఆడపిల్లలు పాడుతుంటే హజ్రత్ అబూబకర్ కోప్పడడం, వాళ్లని పాడుకోనివ్వమని రసూలుల్లా చెప్పడం బుఖారీ షరీఫ్‌లో ఉన్న హదీసు. అది చెప్పారు. ఇమామ్ గజాలీ సమా గురించి ఒక పెద్ద బాబ్ రాశారని, చిష్తీ బుజుర్గులు కవ్వాలీ వినేవాళ్లని చెప్పారు. తీగల వాయిద్యాలు వద్దనే ఉలమాలు చాలామంది ఉన్నారని కూడా చెప్పారు. చివరికి నా వైపు తిరిగి, "అసర్ అజాన్ అయ్యాక ఒక్క చప్పుడు వినబడిందో, ఆ తీగలు నేనే కోసేస్తా" అన్నారు. అబ్బాకి ఆ ఫైస్లా నచ్చలేదు, కానీ ఒప్పుకున్నారు. అప్పటినుంచి జుమ్మాకీ అసర్‌కీ నడుమ ఉన్న రెండు గంటలే మా రియాజ్.

ఇప్పుడు సన్నాయి వాడి దగ్గరికి వస్తాను.

వాడిది పక్క ఊరు. ఇంట్లో తెలుగే. ఉర్దూ అర్థమయ్యేది కానీ నోరు తిరిగేది కాదు, 'ఖ'ని 'క' అనేవాడు, మేం నవ్వేవాళ్లం. వాళ్ల అబ్బా, తాత, ముత్తాత అందరూ సన్నాయి వాయించేవాళ్లే. పెళ్లిళ్లకి, తిరునాళ్లకి, గుళ్లల్లో ఉత్సవాలకి. పీర్ల పండగకి కూడా. మా ఖాందాన్‌లో వాళ్లని పింజారోళ్లు అనేవాళ్లు, అది పేరులా కాక తిట్టులా పలికేవాళ్లు.

పింజారీ అంటే దూది ఏకేవాడు. నూర్‌బాషాలు, దూదేకులవాళ్లు అన్నా వాళ్లే. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పత్తి పండినంత కాలం వాళ్లకి పని ఉండేది. తాంతు కట్టిన పెద్ద విల్లుని దూది కుప్ప మీద పెట్టి కొట్టేవాళ్లు. టంగ్ టంగ్ మని మోగేది. మా దాదీమా పరుపులు ఏకించేటప్పుడు ఆ చప్పుడు నేను విన్నాను. జిన్నింగ్ మిల్లులు, ఫోము పరుపులు వచ్చాక ఆ విల్లు పోయింది. కానీ వాళ్లల్లో కొన్ని ఖాందాన్‌లు తరాల వెనకే సన్నాయి పట్టుకున్నాయి. ఇది మనవాళ్లకి సరిగ్గా తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

చిలకలూరిపేట అంటే జనానికి ఇప్పుడు పత్తి, నూలు మిల్లులు గుర్తొస్తాయి. సంగీతం తెలిసినవాళ్లకి షేక్ ఆదం సాహెబ్ గుర్తొస్తారు. చిలకలూరిపేట నాదస్వరం అని ఒక పరంపరే ఉంది, దానికి ఆయన ఉస్తాద్. ఆయన దగ్గర నేర్చుకున్న ఒక షాగిర్ద్, ఒంగోలు పక్కన కరవది ఊరివాడు, షేక్ చిన మౌలానా. 1924లో పుట్టారు. మొదటి పాఠం తండ్రి కాసిం సాహెబ్ దగ్గర. ఆదం సాహెబ్ దగ్గర అయ్యాక కూడా ఆయనకి తృప్తి తీరలేదు. తంజావూరు బాణీ నేర్చుకోవాలని శౌఖ్ పుట్టి, అరవ దేశం పోయి నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు అన్నదమ్ముల దగ్గర శిష్యరికం చేశారు. చివరికి శ్రీరంగంలోనే ఇల్లు కట్టుకున్నారు. తమిళులు నాదస్వరం తమ సొంతం అనుకుంటారు, అది వాళ్ల హక్కు కూడా. అలాంటి చోట ఒక తెలుగు సాయిబు వెళ్లి, వాళ్ల బాణీలో వాయించి, వాళ్లచేత విద్వాంసుడనిపించుకున్నారు. 1977లో పద్మశ్రీ. 1982లో శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి పిల్లలకి నేర్పారు. 1998లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ఆ మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఇంతెఖాల్ అయ్యారు. మనవళ్లు కాసిం, బాబు ఇప్పుడు వాయిస్తున్నారు. ఆయన షాగిర్దులే షేక్ మహబూబ్ సుభానీ, కలీషాబీ మియాబీవీలు, 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది. ఒక ముస్లిం ఔరత్ నాదస్వరం పట్టుకుని కచేరీ చేయడం అంటే ఎంత దమ్ము కావాలో మన ఇళ్లల్లో ఆడవాళ్లని అడగండి.

బిస్మిల్లా ఖాన్ సాహెబ్ గురించి మనమందరం గొప్పగా చెప్పుకుంటాం. కాశీ విశ్వనాథుడి గుడి, మహర్రంలో షెహనాయి, 2001లో భారతరత్న, అన్నీ నోటికొచ్చు. గంట బస్సు ప్రయాణంలో ఉన్న కరవది గురించి మా బడిలో ఏ ఉస్తాదూ ఒక్క ముక్క చెప్పలేదు. బిస్మిల్లా ఖాన్ ఉర్దూ మాట్లాడతారు. చిన మౌలానా తెలుగు మాట్లాడతారు. తేడా అదొక్కటేనేమో అని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఇంకొకాయన కూడా ఉన్నారు, బుర్రకథ షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లు. ప్రజానాట్యమండలిలో తిరిగి బుర్రకథకే రూపం మార్చిన మనిషి. 1986లో పద్మశ్రీ. ఆత్మకథకి ఆయన పెట్టుకున్న పేరు 'పింజారి'. మా ఖాందాన్‌వాళ్లు ఏ మాటని తిట్టుగా వాడారో అదే మాటని పుస్తకం అట్ట మీద అచ్చు వేయించుకున్నారు. 1997 ఫిబ్రవరిలో పోయారు. అప్పుడు నేను ఇంటర్. పేపర్లో వార్త చూశాను, పేజీ తిప్పేశాను.

మళ్లీ షెడ్డుకి వెళ్దాం. సన్నాయిని గిటారుతో కలపడం ఎంత ముష్కిలో మాకు మొదటి వారమే తెలిసింది. గిటారు తీగ బిగించొచ్చు, వదులు చేయొచ్చు. సన్నాయి రెండున్నర అడుగుల కర్ర. ఏడు రంధ్రాల మీద వేళ్లు ఆడతాయి, కింద ఉన్న రంధ్రాలు మైనంతో పూడ్చి శ్రుతి సర్దుతారు, పీక మార్చి ఇంకాస్త సర్దుతారు, అంతే. దాని శ్రుతి దానిదే. మేమే దాని దగ్గరికి పోవాలి. క్యాషియోలో ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది కాబట్టి నేను బతికిపోయాను. గిటారు వాడు తీగలు బిగించి బిగించి రెండు తెంపుకున్నాడు. కొత్త తీగలు ఒంగోల్లో కూడా దొరక్క విజయవాడ పోయే లారీ డ్రైవరుకి డబ్బులిచ్చి తెప్పించాం. ఇక చప్పుడంటారా, గుడి ప్రాకారం బయట ఊరందరికీ వినబడాలని తయారైన వాయిద్యం అది. మాకు యాంప్లిఫయరు కావాలి, వాడికి అక్కర్లేదు. రేకుల కింద వాడు ఊదితే మేం ముగ్గురం వాయిస్తున్నామో లేదో మాకే తెలిసేది కాదు. అందుకని వాణ్ణి గోనె పట్టాల అవతల, రోడ్డు మీద నిలబెట్టి వాయించమనేవాళ్లం. వాడు నవ్వుతూ నిలబడేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నిలబెట్టడం కూడా బాగాలేదు.

కానీ ఆ నలుగురిలో సంగీతం వచ్చినవాడు వాడొక్కడే. 'రోజా' పాట ఒక్కసారి క్యాసెట్టులో విని సన్నాయి మీద దించేవాడు. మాకు తాళం తప్పితే తొడ మీద వేసి చూపించేవాడు. నేను నేర్పిన ఒక నాత్‌ని వాడు సన్నాయి మీద వాయించిన రోజు, అటువైపు నడిచి వెళుతున్న మౌజన్ సాబ్ ఆగి, గోడకి ఆనుకుని, అయిపోయేదాకా విని, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయారు.

సైడ్ డ్రమ్ము సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. అది ఒక పాత బ్యాండు మేళం వాళ్ల సామాను, అంచు మీద మేరట్ అని ఉండేది. మేరట్‌లో నాదిర్ అలీ అనే బ్యాండు మాస్టరు 1885లో పెట్టిన కంపెనీ ఇప్పటికీ ఉంది. ఇంగ్లీషు పల్టన్ల వాయిద్యాలు మన షాదీల బరాత్‌లోకి వచ్చిన దారి అది. దేశంలో చాలా ఊళ్లల్లో ఆ బ్యాండు మేళాలు మనవాళ్లవి, దళితులవి. అందరి పెళ్లిళ్లకీ ముందు నడిచేది వాళ్లే.

1997లో మా దగ్గరి చుట్టాలింట్లో షాదీ. ఊరు చెప్పను. రస్మ్ రాత్రి పిల్లలు ఏదో తమాషా చేస్తారంట కదా, చేయనివ్వండి అన్నారు. మాకు అదే పెద్ద స్టేజీ. నాలుగు పాటలు వాయించాం. గిటారు శ్రుతి తప్పింది, డబ్బా ఒకటి దొర్లిపోయింది, ఎవరికీ పట్టలేదు. సన్నాయికి మాత్రం ఔరతుల వైపు పరదా వెనక నుంచి కూడా ఇంకోటి, ఇంకోటి అని కబురొచ్చింది. పెళ్లికొడుకు తండ్రి వాడి చేతిలో యాభై రూపాయలు పెట్టాడు.

దస్తర్‌ఖాన్ పరిచారు. నలుగురం పక్కపక్కన కూర్చున్నాం. ఒక పెద్దమనిషి, నాకు వరసకి నానా అవుతారు, వాడిని చూసి "ఎవరి పిల్లాడివిరా నువ్వు?" అనడిగారు. వాడు తండ్రి పేరు, ఊరు చెప్పాడు. ఆయన మొహం మారింది. వాడితో ఏమీ అనలేదు. నాతో ఉర్దూలో, "గుళ్లల్లో ఊదే పింజారీని దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టావా? తర్వాత పెట్టిద్దాం, లేవమను" అన్నారు. వాడికి ఉర్దూ మాట్లాడటం రాదు అన్నాను కదా. అర్థమవుతుందని కూడా అన్నాను.

నేను లేవమనలేదు. లేవొద్దనీ అనలేదు. వాడే లేచాడు, చేతిలో సన్నాయి సంచీతో. నా ముందు రికాబీలో బిర్యానీ పడింది. నేను తిన్నాను. ఇరవై ఎనిమిదేళ్లుగా ఎన్నో రాశాను, ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇంతకాలం పట్టింది.

తర్వాతి జుమ్మాకి వాడు రాలేదు. ఆ తర్వాత కూడా. గిటారు వాడు ఒకసారి వాళ్ల ఊరు వెళ్లొచ్చి, వాళ్ల అబ్బాతో తిరునాళ్లకి పోతున్నాడంట అని చెప్పాడు. ఆ ఏడే పత్తికి పురుగు పడి రైతులు అప్పుల్లో కూరుకుపోయారు, గుంటూరు జిల్లాలో మందు తాగి చచ్చిపోయినవాళ్ల వార్తలు రోజూ వచ్చేవి. లోడు లేక లారీలు ఆగిపోయాయి. మామూ షెడ్డు అమ్మేసి హైదరాబాదు పోయారు. మా బ్యాండు అంతటితో ఖతం.

నేను డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. ఉర్దూ మీడియం నుంచి వచ్చి తెలుగు సాహిత్యమా అని క్లాసులో వింతగా చూశారు. మా ఊరి గొప్పతనం నాకు ఆ పాఠాల్లోనే తెలిసింది. 848 నాటి పండరంగడి శాసనం అద్దంకిదే, తరువోజ పద్యం ఉన్నది అందులోనే. ప్రోలయ వేమారెడ్డి రాజధాని అద్దంకి, ఎర్రాప్రగడ ఉన్నది ఆయన కొలువులోనే. పరీక్షలో ఇవన్నీ రాసి మార్కులు తెచ్చుకున్నాను. రెండో ఏడులో ఉండగా ఒక రోజు లైబ్రరీలో పేపరు తిప్పుతుంటే సంగీత కళానిధి షేక్ చిన మౌలానా అని ఫోటో. ఒంగోలు దగ్గర కరవది అని చదివాను. మాతో షెడ్డులో నిలబడినవాడు ఏ ఇంటి విద్య పట్టుకుని వచ్చాడో నాకు ఆ టేబుల్ దగ్గర అర్థమైంది. వాడితో చెప్పాలనుకున్నాను. వెళ్లలేదు.

మధ్యలో ఒక సంగతి. దూదేకులవాళ్లు ముందునుంచీ బీసీ-బీలో ఉన్నారు. 2007లో షేకులకి, ఇంకా కొన్ని గరీబు ముస్లిం బిరాదరీలకి బీసీ-ఈ వచ్చింది. వాళ్లకంటే పైవాళ్లమని చెప్పుకున్న మా ఖాందాన్ అంతా ఆ ఏడు సర్టిఫికెట్ల కోసం ఎమ్మార్వో ఆఫీసు ముందు లైను కట్టింది. నేనూ కట్టాను.

మూడేళ్ల కింద మాఘమాసంలో సింగరకొండ దగ్గర ఒక కల్యాణ మండపంలో మా ఆఫీసు దోస్తు కూతురి పెళ్లికి వెళ్లాను. లోపలికి అడుగుపెట్టగానే సన్నాయి. త్యాగరాజ కీర్తన ఏదో అయ్యింది, దాని వెనకే ఒక రెహమాన్ పాట మొదలైంది. నేను ఆగిపోయాను. పట్టుపంచె, మెడలో కండువా, జుట్టు సగం నెరిసింది. పక్కన డోలు మీద పద్దెనిమిదేళ్ల కుర్రాడు, అచ్చం వాడి మొహమే.

విరామంలో దగ్గరికి వెళ్లాను. చూడగానే గుర్తుపట్టాడు.

"ఏరా, క్యాషియో ఉందా ఇంకా?" అన్నాడు.

"ఎప్పుడో పోయింది. వీడు నీ కొడుకా?"

"పెద్దోడు. బీటెక్ చదువుతున్నాడు, ముహూర్తాలకి వస్తాడు. చిన్నది సన్నాయి నేర్చుకుంటోంది, ఫజర్ తర్వాత ఒక గంట కూర్చోబెడతా."

ఆ రాత్రి సంగతి ఎత్తాలని నోరు తెరిచాను. "ఆ రోజు ఆ షాదీలో..." అన్నాను, అంతవరకే వచ్చింది.

వాడు పీక నీళ్లల్లో తడుపుతూ, "బిర్యానీలో ఉప్పు ఎక్కువైందంట కదా ఆ రోజు, తర్వాత ఎవరో చెప్పారు" అన్నాడు. నవ్వాడా లేదా అని నేను మొహం వైపు చూడలేకపోయాను.

పురోహితుడు పిలిచాడు. లగ్నం దగ్గర పడింది, గట్టిమేళం వాయించాలి. భోజనం కలిసి చేద్దాం రా అన్నాను.

"వాయించేవాళ్లం కదరా, ఆఖరి బంతిలో తింటాం. బాగా ఆలస్యమవుతుంది. ఆగుతావా?"

జుహర్ అక్కడే పక్క గదిలో చదువుకుని వచ్చి కూర్చున్నాను. బంతి బంతికీ లేపి కూర్చోమన్నారు, తర్వాత అన్నాను. మూడున్నర దాటాక వాడు, వాడి కొడుకు, శ్రుతి పట్టిన ముసలాయన వచ్చారు. నలుగురికి విస్తళ్లు వేశారు. పప్పు అయిపోయింది, సాంబారు, గోంగూర పచ్చడి ఉన్నాయి.